గళ్ళ కాగితం మీద జపాను అలలు

"నాకు బొమ్మలు రావండీ" అనేవాళ్ళకు ఆ నమ్మకం చాలావరకు బడిలోనే కుదురుతుంది. గుర్రాన్ని గీస్తే పక్క బెంచీవాడు చూసి "గాడిదా?" అంటాడు. అంతే, పెన్సిలు ఆ రోజే మూలపడుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళకోసం. ఉన్నది ఉన్నట్టు గీసే చెయ్యి లేకపోయినా, సాయంత్రం ఓ అరగంట కూర్చుని లేచేసరికి చూడముచ్చటైన కాగితం ఒకటి తయారవ్వాలంటే జపానువాళ్ళ సంప్రదాయ నమూనాలంత వీలైనవి తక్కువ. వీటిలో చేతివాటానికి పని కొంచెమే. లెక్క తప్పకుండా, ఏ గీత తర్వాత ఏ గీతో తెలిసి గీస్తే చాలు, మిగతాది దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

వీటిని అక్కడ వగారా అంటారు. కిమోనోల మీద, చేతి తువ్వాళ్ళ మీద, పింగాణీ గిన్నెల మీద, చెక్క తలుపుల జాలీల్లో, ఆఖరికి తినుబండారాల డబ్బాల మీద కూడా ఇవే. ఒకే చిన్న ఆకారం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సందు లేకుండా పరుచుకుంటుంది. వరసలు వరసలుగా లేచే అలలది సెయ్‌గైహా, ఆరు రెక్కల నక్షత్రాలది అసనోహా, ఒకదాన్నొకటి కోసుకునే వృత్తాలది షిప్పో, తాబేటి డిప్ప మీది ఆరు పలకలది కిక్కో, మనం గళ్ళు అనేది ఇచిమత్సు. పేర్లు నోరు తిరక్కపోయినా బెంగ లేదు. గీయడానికి పేర్లతో పనిలేదు.

ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వీటిలో రెండిటిని ఇప్పటికే టీవీలోనో ఫోన్లోనో చూసి ఉంటారు. 'డీమన్ స్లేయర్' అనే యానిమేలో తంజిరో వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ అంగీ ఇచిమత్సు. వాడి చెల్లెలు నెజుకో కట్టే గులాబీరంగు కిమోనో మీదున్నది అసనోహా. ఆ కథను ప్రచురించే షుయేషా సంస్థ 2020లో తమ పాత్రల బట్టల నమూనాలను ట్రేడ్‌మార్కులుగా రాసిమ్మని దరఖాస్తు పెట్టుకుంది. జపాను పేటెంట్ కార్యాలయం కొన్నిటికి ఒప్పుకుంది గానీ, ఈ అన్నాచెల్లెళ్ళ బట్టల విషయంలో మాత్రం కుదరదంది. బట్టంతా పరుచుకున్న ఇలాంటి డిజైనును ఒక కంపెనీకి గుర్తుగా ఇవ్వలేమని దాని వాదన. మన పనికి అది మంచి తీర్పే. ఇవి ఎవరి సొత్తూ కావు కాబట్టి ఎవరైనా గీసుకోవచ్చు.

గళ్ళకు ఇచిమత్సు అన్న పేరు 18వ శతాబ్దంలో వచ్చింది. సనొగవ ఇచిమత్సు అనే కబుకి నటుడు ఆ గళ్ళ బట్ట వేసుకుని రంగస్థలం మీదికి వచ్చాడు. ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఆడవాళ్ళంతా అదే కావాలన్నారు. అంతకుముందు దాన్ని రాతి పరుపు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్ళు. ఆ పేరు పోయి నటుడి పేరు నిలిచింది. అదే గళ్ళు 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నంగా మళ్ళీ ముందుకొచ్చాయి. దాన్ని రూపొందించిన అసావో తొకోలో మూడు కొలతల దీర్ఘచతురస్రాలు, మొత్తం 45, తీసుకుని నీలిరంగులో వలయంగా పేర్చాడు. పారాలింపిక్స్ చిహ్నంలోనూ అవే 45 ముక్కలు, వేరే అమరికలో. గళ్ళలో ఇంకా చెయ్యడానికి ఏముంటుందనుకునేవాళ్ళు ఆ చిహ్నాన్ని ఓసారి తీరిగ్గా చూడాలి.

ఇంత తేలిగ్గా ఎలా గీయగలం అన్న ప్రశ్నకు జవాబు ఈ నమూనాలు పుట్టిన చోట ఉంది. చాలావాటికి పుట్టిల్లు చిత్రకారుడి కాగితం కాదు, నేతగాడి మగ్గం, వడ్రంగి బల్ల, చలికి తట్టుకోలేక పాత బట్టకు కుట్లు వేసుకున్న రైతు ఇల్లాలి ఒడి. ఉత్తర జపానులో ఇప్పటి అఒమొరి రాష్ట్రంలో త్సుగారు అనే ప్రాంతం ఉంది. మంచు ఎక్కువ. పత్తి పండదు. పైగా 18వ శతాబ్దంలో అక్కడి ఏలిక రైతులు నూలుబట్టలు కట్టరాదని ఆంక్ష పెట్టాడు. కట్టుకోవడానికి నారబట్ట తప్ప గతి లేదు. నారబట్ట నేత పలచన, గాలి లోపలికి దూరుతుంది. అందుకని ఆడవాళ్ళు నీలిమందు వేసిన ఆ బట్టలో తెల్లటి నూలు దారంతో పోగులు లెక్కపెట్టి వరసగా కుట్టు దింపేవాళ్ళు. బట్ట మందమయ్యేది, భుజాల దగ్గర అరుగుడు తగ్గేది. ఒకటి, మూడు, అయిదు పోగుల లెక్కతో వేసిన ఆ కుట్లలోంచే వజ్రాకారపు డిజైన్లు తేలాయి. దాన్ని కొగిన్ అంటారు. దేశమంతా కనిపించే ఇలాంటి కుట్టుపనికి సషికో అని పేరు.

బట్టలో నిలువు పోగులు, అడ్డ పోగులు ముందే ఉన్నాయి. అంటే గళ్ళ కాగితం వాళ్ళ ఒళ్ళోనే ఉంది. ఆ గళ్ళలో ఇమిడేదే నమూనా అయింది, ఇమడనిది కాలేదు. మగ్గానికీ, తలుపు జాలీకీ ఇదే వర్తిస్తుంది. కుమికో అనే వడ్రంగం పనిలో సన్నటి చెక్క పుల్లలను మేకు లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగిస్తారు. ముందు త్రిభుజాల చట్రం కట్టి, తర్వాత ఒక్కో త్రిభుజంలో చిన్న పుల్లలు కూరుతారు. ఒక ఆకారాన్ని సమతలం మీద సందు లేకుండా తిప్పి తిప్పి పరిచే పద్ధతులు సరిగ్గా 17 రకాలేనని రష్యన్ శాస్త్రవేత్త ఫ్యొదరోవ్ 1891లో నిరూపించాడు. కుట్టేవాళ్ళకూ నేసేవాళ్ళకూ ఆ సిద్ధాంతం అక్కర్లేకపోయింది. వేళ్ళకు లెక్క తెలుసు.

కాబట్టి మనం నేర్చుకోవాల్సింది ఆకారాలను కాదు, వాటి కింద దాగిన చట్రాన్ని. ఒకటి చదరాలది, రెండోది త్రిభుజాలది. ఈ రెండూ చేతికొస్తే మొదటి ఆరునెలలకు సరిపడా పని దొరుకుతుంది.

చదరాలతో మొదలుపెడదాం. షిప్పో తీసుకోండి. చూడగానే కంపాస్ లేనిదే కుదరదనిపిస్తుంది. ప్రతి వృత్తం చుట్టూ ఉన్న నాలుగు వృత్తాలను కోస్తూ పోతుంది కదా. కానీ దీన్ని కంపాస్ ముట్టకుండా, ఒక్క వృత్తం కూడా గీయకుండా గీయొచ్చు. చిన్నపిల్లల లెక్కల పుస్తకంలో ఉండే సెంటీమీటరు గళ్ళ కాగితం తెచ్చుకోండి. మొదటి గడిలో కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఒక ఆకు గీయండి. రెండు మూలల్లో కొనదేరి, నడుమ ఉబ్బిన ఆకు. పక్క గడిలో ఆకును అడ్డం మార్చండి, అంటే పై ఎడమ నుంచి కింది కుడికి. మూడో గడిలో మళ్ళీ మొదటిలా. కింది వరసకు వచ్చేసరికి మొదటి గడిలో రెండో రకం ఆకుతో మొదలుపెట్టండి. చదరంగం బల్ల మీద నల్లగడులన్నిటిలో ఒక వాలు, తెల్లగడులన్నిటిలో ఇంకో వాలు అనుకుంటే తికమక ఉండదు.

నాలుగు గడులు పూర్తయ్యేదాకా ఏమీ కనిపించదు, ఆకులే. రెండో వరస సగానికి వచ్చాక నాలుగు ఆకులు చుట్టూ చేరి ఒక వృత్తాన్ని మూస్తాయి. ఆ వృత్తంలోని ప్రతి ఆకూ పక్క వృత్తంలోనూ భాగమే. ఇంకాసేపటికి నాలుగు ఆకుల కొనలు ఒకచోట కలిసి పువ్వులా కనిపించడం మొదలవుతుంది. కన్ను ఒకసారి వృత్తాన్ని చూస్తుంది, ఒకసారి పువ్వును చూస్తుంది, రెండూ ఒకేసారి పట్టుబడవు. మనం గీయని ఆకారం కాగితం మీద తేలడమే ఈ అభ్యాసంలో అసలు రుచి అని నా అభిప్రాయం. రంగుల పుస్తకాలు నింపడంలో ఇది దొరకదు, అక్కడ ఆకారం ఎవరో ముందే గీసిపెట్టి ఉంటారు.

ఆకు మందం ఒక్కటే చూసుకోవాల్సిన సంగతి. మరీ సన్నగా గీస్తే వృత్తం పలకలు దేరుతుంది, లావైతే ఉబ్బిపోతుంది. గడిలో ఆకుకు అడ్డంగా ఉన్న కర్ణాన్ని అయిదు భాగాలనుకుంటే నడుమ రెండు భాగాలు ఆకుది. మొదటి వరసలో పెన్సిలుతో ఆ రెండు చుక్కలూ పెట్టుకుని వాటి మీదుగా వంపు తిప్పండి. రెండో వరసకల్లా చెయ్యి తనే కొలుచుకుంటుంది. కంపాస్‌తోనే గీయాలన్న పట్టుదల ఉంటే గడి పొడవును వ్యాసార్థంగా తీసుకుని, గళ్ళు కలిసే చోట్లలో ఒకటి విడిచి ఒకదాని మీద ముల్లు పెట్టి వృత్తాలు తిప్పండి. ఫలితం అదే, సూది బెజ్జాలు అదనం.

షిప్పో అంటే సప్తరత్నాలు. బంగారం, వెండి, స్ఫటికం, వైడూర్యం ఇలా బౌద్ధ గ్రంథాల్లో వచ్చే ఏడు సంపదలు. ఇలా కోసుకునే వృత్తాలు రాజస్థాన్‌లోని కాలిబంగన్‌లో బయటపడ్డ సింధు నాగరికత నాటి నేల పలకల మీద కూడా ఉన్నాయి. దాన్నిబట్టి ఇక్కడినుంచే అక్కడికి వెళ్ళిందని ఛాతీ విరుచుకోవాల్సిన పనేం లేదు. గుండ్రంగా గీత తిప్పడం తెలిసిన ఏ జాతైనా ఈ డిజైను దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది.

ఇక త్రిభుజాల చట్రం. ఇక్కడ తెలుగు ఇళ్ళలో ముగ్గులేసినవాళ్ళకు మిగతా ప్రపంచం మీద ఒక మెట్టు పైచెయ్యి ఉంది. జపాను నమూనాల పుస్తకాలు చాలావాటిలో మొదట ఐసోమెట్రిక్ కాగితం కొనుక్కోమంటారు. మన వాకిట్లో దాన్ని సందు చుక్క అంటాం. ఒక వరస చుక్కల సందుల్లోకి పై వరస చుక్కలు వచ్చేలా పెడితే ఏ మూడు పక్క చుక్కలు కలిపినా మూడు భుజాలూ సమానమైన త్రిభుజం వస్తుంది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క అనగానే మీ చెయ్యి ఏం చేస్తుందో అదే అసనోహాకు పునాది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఆరు, అయిదు, నాలుగు. మొత్తం 37 చుక్కలు.

కాగితం మీద చుక్కలు సమంగా పడాలంటే చిన్న ఉపాయం. హైస్కూలు పిల్లల మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీద వరసలో చుక్కకూ చుక్కకూ మధ్య 14 మిల్లీమీటర్లు వదలండి. పై వరసను 12 మిల్లీమీటర్ల ఎత్తులో, 7 పక్కకు జరిపి మొదలుపెట్టండి. లెక్కప్రకారం వాలు భుజం 13.9కి కాస్త తక్కువ వస్తుంది, ఆ తేడా కంటికి ఆనదు. ఈ కొలతలే ఎందుకంటే త్రిభుజం నడిబిందువు భూమి నుంచి ఎత్తులో మూడోవంతు దగ్గర ఉంటుంది. ఎత్తు 12 అయితే నడిబిందువు సరిగ్గా 4 దగ్గర, గ్రాఫ్ గీత మీదే పడుతుంది. ఊహించే పని తప్పుతుంది.

ఇప్పుడు గీతలు. ముందు అడ్డగీతలన్నీ ఒక్క విసురులో వేసేయండి. తర్వాత కుడికి వాలే గీతలన్నీ, తర్వాత ఎడమకు వాలేవన్నీ. ఒక్కో త్రిభుజాన్ని విడివిడిగా పూర్తిచేసుకుంటూ పోతే గీతలు ఎక్కడో ఒకచోట మెలిక పడతాయి, పొడుగు గీత అయితే తిన్నగా పోతుంది. ఇంతటితో 54 త్రిభుజాల చట్రం సిద్ధం. ఒక్కో త్రిభుజం నడిబిందువు నుంచి మూడు మూలలకూ మూడు పొట్టి గీతలు లాగండి. కొన పైకున్న త్రిభుజంలో అవి తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరంలా, కొన కిందికున్నదాంట్లో మామూలు వైలా పడతాయి. వడ్రంగి కుమికో చట్రంలో చిన్న పుల్లలు కూరేది కూడా ఈ చోటులోనే.

సగం త్రిభుజాలు నిండాక చూడండి, త్రిభుజాలు మాయమై ఆకులు కనిపిస్తాయి. మీరు మొదట గీసిన భుజం ఆకుకు నడి ఈనె అయిపోయింది, దానికి రెండువైపులా ఉన్న పొట్టి గీతలు ఆకు అంచులయ్యాయి. ప్రతి చుక్క చుట్టూ ఇలాంటి ఆకులు ఆరు. అంచుల్లో సగం సగం పోగా నడుమ 19 నిండు నక్షత్రాలు.

అసనోహా అంటే నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క ఆకు. మత్తు సంగతి పక్కన పెట్టండి, అక్కడివాళ్ళకు అది బట్టల మొక్క. నిటారుగా, చీడపీడలు లేకుండా ఏపుగా పెరుగుతుంది కాబట్టి బిడ్డ కూడా అలా పెరగాలని పసిపిల్లల తొలి బట్టల మీద ఈ నమూనా వేసేవాళ్ళు. పెద్దవాళ్ళ బట్టల్లోకి దీన్ని జోరుగా తెచ్చింది మాత్రం మళ్ళీ కబుకీయే. 1809లో అయిదో ఇవాయ్ హన్‌షిరో కూరగాయల కొట్టువాడి కూతురు ఒషిచి వేషంలో లేతనీలం అసనోహా కట్టి ఆడాడు. ఆ తర్వాత పడుచుపిల్లల వేషమంటే ఆ బట్టే.

పెన్సిలు గీతల మీద పెన్ను తిప్పేటప్పుడు అసనోహా ఒక పరీక్ష పెడుతుంది. ప్రతి చుక్క దగ్గర 12 గీతలు కలుస్తాయి. ఆరు పొడుగువి, ఆరు పొట్టివి. అన్నిటినీ చుక్క దాకా లాగితే అక్కడ సిరా ముద్దకట్టి బొద్దింక గుడ్డంత మచ్చ మిగులుతుంది. సషికో కుట్టేవాళ్ళకూ ఇదే ఇబ్బంది, 12 దారాలు ఒక బెజ్జంలోకి దూరితే బట్ట ముడుచుకుంటుంది. వాళ్ళు కనిపెట్టిన మందు చాలా సులువు. కుట్లను నడిమికి రాకముందే ఆపేసి, మధ్యలో చిన్న ఖాళీ వదులుతారు. పెన్నుతోనూ అంతే చెయ్యండి. చుక్కకు మిల్లీమీటరు దూరంలో పెన్ను ఎత్తేస్తే నక్షత్రం నడిమిలో తెల్లటి గుండ్రం మెరుస్తుంది, కన్ను మిగతా గీతను తనే పూరించుకుంటుంది. గీత ఆపే చోట పెన్ను నొక్కకుండా జార్చడం ఒక్కటే అలవాటు చేసుకోవాలి.

సెయ్‌గైహాలో చిక్కు వేరే. దానికి లెక్క సులువే, వరస కష్టం. అలల్లో ముందున్నది వెనకున్నదాన్ని కప్పుతుంది. పై నుంచి మొదలుపెడితే ప్రతి అలకూ సగం చెరపాల్సిందే. అందుకని కాగితం అడుగు నుంచి పైకి వెళ్ళాలి. అడుగు వరసలో 4 సెంటీమీటర్లకో కేంద్రం పెట్టుకుని, 2 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పక్కపక్కనే ఆనుకునేలా అర్ధవృత్తాలు తిప్పండి. వాటి లోపల ఒకటిన్నర, ఒకటి, అర సెంటీమీటరు వ్యాసార్థాలతో ఇంకో మూడు. రెండో వరస కేంద్రాలు 2 సెంటీమీటర్లు పక్కకు, 1 సెంటీమీటరు పైకి. ఈసారి గీత ముందు వరసను తాకగానే ఆగిపోవాలి. మూడో వరస మళ్ళీ పక్కకు జరిగి మొదటి వరస తలల నెత్తిన కూర్చుంటుంది. ఇక్కడ కంపాస్ తప్పనిసరి అని నేననను. చెయ్యి తిప్పి గీసిన అలలు కొంచెం వంకరగా వచ్చినా నీళ్ళలాగే ఉంటాయి, అసనోహాకు ఆ వెసులుబాటు లేదు. సెయ్‌గైహా అనేది నిజానికి ఒక ఆస్థాన నృత్యం పేరు. పదకొండో శతాబ్దం నాటి 'గెంజి గాథ'లో నాయకుడు గెంజి ఆ నాట్యం చేసే ఘట్టం ఉంది.

కిక్కో తేలిక, అదే సందు చుక్కల మీద ఆరు పలకలు కలుపుకోవడమే. దాని చుట్టరికం ఒకటి చెప్పాలి. మూడేసి షడ్భుజాలను అతికి నడిగీతలు తీసేస్తే బిషమొన్ కిక్కో వస్తుంది. బిషమొన్‌తెన్ అనే దేవుడి కవచం మీద ఆ నమూనా చూపిస్తారు. ఆ దేవుడు ఎవరో కాదు, వైశ్రవణుడు, మన కుబేరుడే బౌద్ధం వెంట చైనా మీదుగా అక్కడికి చేరాడు. పొలుసు అని అర్థమొచ్చే త్రిభుజాల ఉరోకో నమూనాకూ ఇలాంటి బంధుత్వమే. హోజో వంశం చిహ్నం మూడు పొలుసులు. ఆ వంశపు తొకిమస ఎనొషిమా దీవిలో బెంజైతెన్‌ను ప్రార్థిస్తే దేవత నాగరూపంలో వచ్చి మూడు పొలుసులు వదిలి వెళ్ళిందని ఐతిహ్యం. బెంజైతెన్ అంటే సరస్వతి. నో, కబుకి నాటకాల్లో పాముగా మారే స్త్రీ వేషానికి ఇప్పటికీ ఈ త్రిభుజాల బట్టే కడతారు.

బాణపు ఈకల యగసురిని గీయాలనుకునే తెలుగువాళ్ళు ముందు పుట్టపాక తేలియా రుమాలునో పోచంపల్లి చీరనో ఒకసారి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తే మంచిది. రెండూ ఒకే పనితనం. నేయకముందే నూలుకు అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచుతారు, మనవాళ్ళు చిటికి అంటారు, జపానువాళ్ళు కసురి అంటారు. మగ్గమెక్కాక పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి. అందుకే రంగు అంచు కత్తితో కోసినట్టు ఉండదు, పళ్ళుపళ్ళుగా చెదురుతుంది. కాగితం మీద ఆ ఈకల అంచును స్కేలుతో గీస్తే ప్రాణం పోతుంది. పెన్ను మొనతో పొట్టి పొట్టి నిలువు గీతలను ఎగుడుదిగుడుగా వేసుకుంటూ పోతేనే నేసిన బట్టలా కనిపిస్తుంది. వదిలిన బాణం వెనక్కి రాదు కాబట్టి పెళ్ళికూతురికి ఈ బట్ట పెట్టడం శుభమనుకునేవాళ్ళు. ఆ శుభం ఎవరికన్నది నాకెప్పుడూ అనుమానమే.

సన్నపని ఇష్టమైనవాళ్ళకు కొమొన్ ఉంది. ఎడో కాలంలో (1603–1868) పాలకులు ఆడంబరాల మీద పదేపదే ఆంక్షలు పెట్టారు. దూరం నుంచి చూస్తే ఒకే రంగు, దగ్గరికొస్తే ఇసుకంత చుక్కల డిజైను, అలాంటి బట్ట ఆ రోజుల్లో బాగా నడిచింది. సమురాయిలు తమ వంశానికో చుక్కల నమూనా పెట్టుకున్నారు, కిషు తొకుగవ వాళ్ళది సొరచేప చర్మం. ఆ చుక్కలను అద్దే అచ్చులను ఇసె కతగామి అంటారు. మల్బరీ జాతి నార కాగితాలను పచ్చి పెర్సిమన్ పండ్ల రసంతో పొరలుగా అతికించి, సన్నటి ఉలితో బెజ్జాలు కొడతారు. మియె రాష్ట్రం సుజుకా పట్టణంలోని షిరోకో దానికి పేరుపడ్డ చోటు. మనకు ఉలి అక్కర్లేదు, 0.3 మిల్లీమీటరు పెన్ను చాలు. అయితే చుక్కలు పెట్టుకుంటూ పోవడానికి గీతలకన్నా ఓపిక ఎక్కువ కావాలి, మొదట్లోనే దీని జోలికి వెళ్ళొద్దనే చెబుతాను.

సామగ్రి ఖర్చు పెద్దగా లేదు. గళ్ళ పుస్తకం, గ్రాఫ్ కాగితాలు, గట్టి పెన్సిలు, స్కేలు, పిల్లల జామెట్రీ బాక్సులోని కంపాస్, సిరా అలుక్కోని నల్ల పెన్ను. గళ్ళు కనిపించకూడదనుకుంటే గ్రాఫ్ మీద పల్చటి కాగితం వేసి కిటికీ అద్దానికి ఆనించి గీయండి. రంగుల దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టాలి. స్కెచ్ పెన్నుల డబ్బాలో 24 రంగులున్నాయని అన్నీ పులిమితే నమూనా చచ్చిపోతుంది, రంగులే మిగులుతాయి. తెలుపు మీద నీలం, అంతే, మొదటి పదిపన్నెండు కాగితాలకు ఇంకో రంగు వద్దు. ఎడో కాలపు వర్తకులు మెరిసే రంగులు కట్టరాదన్న ఆంక్షల కింద బతుకుతూనే గోధుమరంగులో, బూడిదరంగులో లెక్కలేనన్ని ఛాయలు తీయించుకున్నారు. నలభై ఎనిమిది గోధుమలు, నూరు బూడిదలు అన్న నానుడి అలా పుట్టింది.

నమూనాలు చేతికి వచ్చాక ఎప్పటికీ నకలు దించుతూ కూర్చోవాలా అంటే, జపానువాళ్ళే అలా కూర్చోలేదు. పెద్ద అలల చిత్రంతో ప్రపంచానికి తెలిసిన హొకుసాయ్ 1812లో స్కేలు, కంపాస్ వాడి జంతువులను, పక్షులను, మనుషులను గీయడం ఎలాగో నేర్పే పుస్తకం వేశాడు. ముందు వృత్తాలు, గీతలు, వాటిలోంచి లేచే ఎద్దు. మామూలు జనం కొనుక్కుని ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికే అది. 1824లో చేతిపనివాళ్ళ కోసం కొత్త కొమొన్ నమూనాల పుస్తకమూ తెచ్చాడు. పాత చట్రాల మీదే తను అల్లిన కొత్త ఆకారాలు అందులో ఉన్నాయి.

మీరు కూడా షిప్పోతోనే మొదలుపెట్టొచ్చు. వృత్తాల నడుమ నాలుగు కొనల ఖాళీ ఒకటి మిగులుతుంది కదా. అక్కడ నాలుగు రేకుల పువ్వు పెట్టడం పాత ఆచారమే, దానికి వేరే పేరు కూడా ఉంది. ఆ చోటులో తామరమొగ్గో, మామిడి పిందో, మీ పేరులో మొదటి అక్షరమో పెట్టి చూడండి. అన్నిట్లోనూ ఒకటే పెట్టండి, లేదా ఒకటి విడిచి ఒకదాంట్లో పెట్టండి. రెండో పద్ధతిలో వృత్తాలు కాస్త వెనక్కి తగ్గి, కొత్త వరసలు ఏటవాలుగా ముందుకొస్తాయి.